నెత్తి మీద చెయ్యి

ఇటు దగ్గరికి జరగండమ్మా, దూరం నుంచి వింటే ఈ మాట సగమే అందుతుంది.

నాచారంలో ఒక ఆసుపత్రి. డాక్టరు గది బయట బెంచీ మీద శంకరమ్మ నడుము పట్టుకొని మూలుగుతోంది. పక్కన ముప్పై అయిదేళ్ళ కొడుకు పవన్‌కుమార్. చర్లపల్లి కంపెనీలో డ్యూటీ మానుకొని, ఉప్పల్ నుంచి తల్లిని బండి మీద తీసుకొచ్చాడు.

“నిన్న పక్కింటి దుర్గాభవానితోని వచ్చి స్కానింగ్ తీయించుకున్న. ఇయ్యాల చెప్తమన్నరు,” అంది శంకరమ్మ. “పోయిన వారం నువ్వు గూడ తీయించుకుంటివి గద, అడుగరాదు?”

“నాదేముందే! బరువులెత్తి నరం పట్టింది. ఆ మిషిన్ల మస్తు నిద్ర పట్టింది, గంతే. ముందు నీ సంగతి సూడు.”

లోపల డాక్టరు నరసింహమూర్తిగారు ఫిల్మును వెలుతురుకు పట్టి, వెన్నుపాము చివర వేలు పెట్టారు.

“గడ్డ ఉంది. అరుదైనది. పిల్లల్లో అయితే ఇలాంటివి తలలో ఎక్కువ. నడుము కింద, ఈ చోట, ముప్పై నలభై ఏళ్ళవాళ్ళలో చూస్తుంటాం.”

“మా అమ్మకు అరవై దాటినయ్ గద సార్!”

డాక్టరు శంకరమ్మ వైపు చూశారు. ఆమె తల దించుకుంది.

“ఆపరేషన్ చేసి తీసేయాలి. ఆలస్యమైతే కాళ్ళు పడిపోవచ్చు,” అన్నారాయన.

పవన్‌కుమార్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. “చేయిపిద్దామే అమ్మా.”

“వద్దు. ‘కోతకు పోయిన నాయిన మళ్ళ లేసిండా’ అని నువ్వే అంటవ్ గద.”

“అది వేరే!”

“ఏంది వేరే? నీకైతే చేయించుకుంటవా?”

“చేయించుకుంట! మంచంల పడి నీతోని ఎత్తిపిచ్చుకుంటనా? నీ కాళ్ళు మొక్కుత, ఒప్పుకోవే. నువ్వు లేకుంటె నాకెవరున్నరు?”

“గట్లయితే నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్. ఈ కోతకు నేను సరే అంట.”

తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ తల నిలవదని ఉప్పల్‌లో పుట్టినవాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడు చెయ్యి పెట్టాడు.

“ఒట్టే అమ్మా. నాకొస్తే నేను కూడ చేయించుకుంట.”

శంకరమ్మ మూలుగు ఆగిపోయింది. ఆ చేతిని దించనివ్వకుండా రెండు చేతులా పట్టుకొని భోరుమంది. ఏడుస్తూ ఆమె అన్న మాట మరిచిపోకండమ్మా, మీ ఇళ్ళల్లో మొండి కొడుకులుంటే కూర్చోబెట్టి చెప్పండి:

“గా గడ్డ నీకే ఉంది, కొడుకా.”