వాగవతలి పరుగుల బడి

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. కొమ్ములు మొలవని జింకపిల్లను ఏ పరుగుల బడివారూ పలకరించకూడదు, గడ్డిపరకైనా పెట్టి ఆశ చూపకూడదు. కట్టుబాట్లు చేసేవాళ్లు ఎందుకో గుమ్మం దాకానే ఆలోచిస్తారు. సరే, వాగవతల బడి నడిపే దుమ్ములగొండి దాన్ని పొల్లుపోకుండా పాటించింది. రోజూ అవతలి ఒడ్డున నిలబడి, ఇవతల పరుగెత్తే జింకపిల్ల సారంగుణ్ణి రెప్పవేయకుండా చూసేది.

"ఎంత పద్ధతి గల మృగమో!" అని తల్లిజింక మురిసిపోయేది.

సారంగుడికి కొమ్ములు మొలిచిన పొద్దున దుమ్ములగొండి వాగు దాటి వచ్చింది.

"రా నాయనా, మా మైదానం చూద్దువుగాని. నచ్చితే బురదలో గిట్ట ముద్ర వెయ్యి, చేరినట్టే."

మైదానం నిండా పొగమంచు. ఒక్క జింకా కనబడలేదు గాని, గిట్టల చప్పుడు మాత్రం గుండ్రంగా తిరుగుతోంది.

"నిరుడు చేరిన మా అన్న ఏడీ?" అన్నాడు సారంగుడు.

"పరుగెత్తుతున్నాడుగా, వినబడటం లేదూ?"

"ఆగేదెప్పుడు?"

"చేరాక సంగతి కట్టుబాటులో లేదు బాబూ," అంది దుమ్ములగొండి, ఎంతో మర్యాదగా.

బురదలో అన్న ముద్ర ఉంది, అంచు విరిగిన గిట్టది. సారంగుడు దాని పక్కనే వేయబోయి కాలెత్తాడు. చెవి పక్కనుంచి వేడి ఊపిరి దూసుకుపోయింది.

"దించకురా తమ్ముడూ!"

సారంగుడు వెనక్కి చూడకుండా వాగు దాటేశాడు.

మర్నాడు దుమ్ములగొండి మళ్లీ అవతలి ఒడ్డునే నిలబడింది, కట్టుబాటు ప్రకారం. దాని చూపు ఇప్పుడు సారంగుడి చిన్న తమ్ముడి మీద ఉంది.