లెక్కలో లేని సింకు

"ఆ కుళాయి కట్టెయ్యండి."

యాళిని అరిచినంత పని చేసింది.

పెద్ద సింకు దగ్గర బిందె పెట్టిన ముసలాయన ఉలిక్కిపడి కట్టేశాడు. బిందె అడుగు తడిసింది, అంతే.

"మళ్లీ మొదటికొచ్చింది." ఆమె తన బకెట్టులో నీళ్లు తూములోకి గుమ్మరించేసింది. పక్క కుళాయి తిప్పితే ఈ కుళాయి ధార తగ్గుతుంది. కొలత తప్పవుతుంది.

చెన్నై శివారులో ఆ కంపెనీ కొత్త మేడకి హరిత భవనమని సర్టిఫికెట్ కావాలి. గోడకి తగిలించుకోడానికి. మామూలు మేడల కంటే నూటికి ఇరవై వంతులు తక్కువ నీళ్లు వాడుతుందని లెక్క తేలాలి. సాయంత్రానికల్లా పంపాలి. పోయినసారి యాళిని లెక్క తప్పింది. ఈసారీ తప్పితే ఇంటికి పొమ్మన్నారు.

బాత్రూముల దాకా బాగానే వచ్చింది. క్యాంటీన్ వంటింట్లోనే మునిగింది. సాంబారు గుండిగలు పట్టే పెద్ద సింకుల్లో ధార ఏనుగు తొండమంత.

"ఒక్క బిందె, తల్లీ. బయట బండి కదిలిపోద్ది."

"ఇది వీధి కుళాయా పెద్దాయనా? ప్రతి చుక్కా లెక్క రాయాలి నేను."

"రాసుకో తల్లీ. నా బిందె కూడా రాసుకో."

"వేళాకోళమా?"

పొయ్యి దగ్గర్నుంచి వంట మాస్టర్ ఇరుళప్పన్ అన్నాడు. "పట్టుకోనీండి మేడం. రోజూ పట్టుకునేవాడే."

"రోజూనా? ఇలా ఊరందరికీ పోస్తే నా లెక్క తేలినట్టే."

వాచ్‌మన్‌ని పిలిచింది.

ముసలాయన ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెనక తలుపు దాటాడు. బయట లారీ హారన్ మోగింది.

యాళిని మళ్లీ కొలిచింది. మళ్లీ కూడింది. ఆఫీసుకి ఫోను చేసింది.

"పదిహేడే వస్తోంది సార్."

"ఏవేం కలిపావు?" అవతల ఆమె పై అధికారి ధనశేఖర్ విసుక్కున్నాడు.

"అన్నీ సార్. గుండిగలు నింపేవి కూడా."

"వాటినెవడు కలపమన్నాడమ్మా? ధార సన్నగా వచ్చినా లావుగా వచ్చినా గుండిగ పట్టేది అంతేగా. అవి లెక్కలోకే రావు. తీసి పారెయ్."

తీసేసింది. ఇరవై రెండు.

అమ్మయ్య అనుకుంది. అనుకుంటూనే పెద్ద సింకు వైపు చూసింది. అందులో ఎన్ని బిందెలు పట్టినా తన లెక్కకి ఒరిగేదీ లేదు, తరిగేదీ లేదు.

వెనక తలుపు దగ్గరికి పరుగెత్తింది. నేల మీద తడి టైరు చారలే ఉన్నాయి.

"మాస్టర్, ఆయన్ని పిలవండి. పట్టుకుపొమ్మనండి."

"ఇంకెక్కడ పిలిచేది? మన మేడకి నీళ్లు పోసే ట్యాంకర్ వెళ్లిపోయింది. మళ్లీ రేపే. అందాకా వాళ్లింట్లో గొంతు తడుపుకోడానికి చుక్క లేదు."

"ట్యాంకర్ క్లీనరా ఆయన?"

ఇరుళప్పన్ గరిటె పక్కన పెట్టాడు.

"క్లీనరేంటి మేడం. ఉన్న ఒక్క బావీ ట్యాంకర్లవాళ్లకి లీజుకిచ్చాడు. మోటారు గదికి వాళ్లు తాళమేసుకున్నారు. ఇంటికో బిందె కావాలంటే ఆ లారీ ఎక్కి ఇక్కడికి రావాల్సిందే. పొద్దుట్నుంచి మీరు కొలిచి కొలిచి పారబోసినవి ఆయన నీళ్లే."