వెనక సీటు మరక

"రుద్దకు! రుద్దేకొద్దీ లోపలికి దిగి కూర్చుంటుంది. అద్ది అద్ది తీయాలి," అంటూ భార్య అతని చేతిలోని గుడ్డ లాక్కుంది.

కారు షెడ్డు తలుపు సందులోంచి డ్రైవరు మేడకేసి చూశాడు. పై గదిలో పెద్దాయన మధ్యాహ్నం కునుకులో ఉన్నాడు. నాలుగున్నరకి ఠంచనుగా దిగొచ్చి కారెక్కుతాడు. ఇప్పుడు టైము మూడు. లేత గోధుమరంగు సీటు మీద అరచేయంత నెత్తుటి మరక, కింద కార్పెట్టు మీద మరో నాలుగు చుక్కలు. చూస్తుంటేనే అతని పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

"వేణ్ణీళ్ళు కాచి తేనా?"

"నెత్తురుకి వేణ్ణీళ్ళా! ఉడికి అంటుకుపోతే ఇక జన్మలో వదలదు. చన్నీళ్ళు పట్రా. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు, కాస్త ఉప్పు, వంటసోడా. గుడ్డలు తెల్లవే తే. రంగువి తెస్తే వాటి రంగు కూడా దీనికే అంటుకుంటుంది."

ఇరవై ఏళ్ళు హాస్టలు దుప్పట్లు ఉతికిన చెయ్యి అది. మరక అంచు నుంచి మధ్యకి అద్దుకుంటూ పోయింది. ఒక్కో గుడ్డా ఎర్రబడుతుంటే అతను మరొకటి అందించాడు. కార్పెట్టు మీది చుక్కలకి సోడా ముద్ద పట్టించి, పాత పళ్ళబ్రష్షుతో మెల్లగా తట్టింది.

"నిన్నెవరైనా చూశారా?"

"లేదనుకుంటా. ఆస్పత్రిలో స్ట్రెచరు మీద లోపలికి తీసుకెళ్ళేదాకా ఉండి, ఒక్క పరుగున వచ్చేశాను. ఏ సంగతీ ఫోన్లో చెబుతామన్నారు."

"ఆయనకి తెలిస్తే?"

"ఆ మాట అనకే తల్లీ, భయమేస్తోంది."

భయమెయ్యదూ మరి! ఆ వెనక సీట్లో ఆయన తప్ప ఈగ వాలడానికి వీల్లేదు. ఇదివరకటి డ్రైవరు తన బావమరిదిని అందులో కూర్చోబెట్టుకున్నాడని నడిరోడ్డు మీదే తాళం లాక్కుని పంపించేశాడు. అంతెందుకు, తన మాట కాదని పెళ్ళి చేసుకుందని కన్నకూతురి ఫోటోలే గోడల మీంచి తీయించేసిన మనిషి. డ్రైవర్ని తీసెయ్యడం ఆయనకో లెక్కా! పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం పోతుంది, షెడ్డు పక్కనున్న గది కూడా పోతుంది. ఈ వయసులో మూటాముల్లె సర్దుకుని ఎక్కడికని పోతారు?

"దిక్కుతోచక నాకు ఫోను చేస్తే కాదనగలనా, చెప్పు?" అన్నాడు, ఎవరో నిలదీసినట్టు.

"తప్పని నేనన్నానా? కానీ తాళం నీ దగ్గరెందుకుంది? రోజూ ఆయనే తీసుకుంటాడుగా?"

"అదే అర్థం కావట్లేదు. వారం నుంచీ నన్నే ఉంచుకోమంటున్నాడు. ట్యాంకు నిండా పోయించమన్నాడు. మధ్యాహ్నాలు ఎక్కడికీ కదలకుండా షెడ్డులోనే పడుండమన్నాడు. మతిమరుపొచ్చిందో, నన్ను పరీక్షిస్తున్నాడో!"

ఆవిడ చెయ్యి ఆగింది. "పైన కర్టెన్ కదిలినట్టుందయ్యా."

ఇద్దరూ తలెత్తి చూశారు. కర్టెన్ మళ్ళీ కదల్లేదు.

"గాలిలే," అన్నాడు, నమ్మకం లేకపోయినా.

మరక పోయింది. పోతూ పోతూ గుండ్రటి తడి అచ్చు వదిలింది.

"ఇదిలాగే ఆరితే పట్టిచ్చేస్తుంది. ఈ కుట్టు నుంచి ఆ కుట్టుదాకా మొత్తం సీటు తుడిచెయ్యాలి," అని ఆవిడ తుడిచేసింది. అతను గదిలోంచి టేబులు ఫ్యాను తెచ్చి, నాలుగు తలుపులూ బార్లా తెరిచి సీటుకెదురుగా పెట్టాడు.

నాలుగు కాకుండానే మెట్ల మీద చేతికర్ర చప్పుడైంది. ఫ్యానూ బకెట్టూ ఎత్తుకుని భార్య గదిలోకి పరిగెత్తింది. గుడ్డలన్నీ చుట్టచుట్టి అతను డిక్కీలో పడేశాడు.

పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు. అద్దంలో ఆయన ముక్కు ముడుచుకోవడం కనిపించింది.

"ఏంటీ వాసన?"

"సబ్బండీ అయ్యగారూ. దుమ్ముగా ఉందని కాస్త కడిగాను."

"రోజూ దులుపుతావుగా. ఇవాళ కడగాల్సినంత దుమ్మెక్కడిదీ?"

డ్రైవరు బండి స్టార్టు చేశాడు. పెద్దాయన అరచెయ్యి సీటు మీద పెట్టి అలాగే నొక్కి ఉంచాడు. "తడి ఆరలేదు," అన్నాడు నెమ్మదిగా.

కారు గేటు దాటింది.

"క్లబ్బుకేనాండీ?"

"కాదు. మధ్యాహ్నం ఎటు వెళ్ళావో అటే పోనీ."

అయిపోయింది, అంతా అయిపోయింది. అబద్ధమాడదామంటే నోరు రావడంలేదు, నిజం చెబుదామంటే చెప్పనని మాటిచ్చాడు. ఆస్పత్రి రోడ్డులోకి తిప్పాడు. ఆ మాటైనా నిలబెట్టుకోవాలి, ఎవరికోసం వెళ్ళాడో ప్రాణం పోయినా చెప్పకూడదు అనుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. తీయలేదు. ఆగి మళ్ళీ మోగింది.

"కారు పక్కకి ఆపు," అన్నాడు పెద్దాయన.

ఆపాడు. "అయ్యగారూ, తప్పంతా నాదేనండీ. మా ఆవిడకేమీ తెలీదు. మీరేమన్నా నన్నే..."

"ముందా ఫోనెత్తు."

వణికే వేళ్ళతో ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఎన్నడూ లేనిది, పెద్దాయన ముందుకు వంగి అతని భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి అతని చేతికన్నా ఎక్కువగా వణుకుతోంది.

"మనవడో మనవరాలో అడుగు."