చార్జింగ్ ఎక్కని మిషన్

ఇంద్రజ మిషన్‌ని హారిక పొట్ట మీద ఆనించి అటు జరిపింది, ఇటు జరిపింది. బొడ్డు కిందికి తెచ్చింది. పక్కటెముకల దాకా తీసుకెళ్లింది. గరగరమనే శబ్దం తప్ప ఏమీ రావడం లేదు.

పది నిమిషాలైంది. జెల్లు మళ్లీ రాసింది. మళ్లీ ఆనించింది.

"మూడు రోజుల్నించీ మబ్బే కదక్కా," అంది హారిక, పైకప్పు వైపు చూస్తూ. "చార్జింగ్ ఎక్కలేదేమో."

ఇంద్రజ చెయ్యి ఆగింది.

"అంతే అయ్యుంటుంది," అంది.

కృష్ణా నది పాయల మధ్య ఉన్న ఆ లంకలో, ఆ సబ్ సెంటరుకి ఇంద్రజ ఒక్కతే నర్సు. వాయుగుండం పట్టిన దగ్గర్నుంచీ కరెంటు లేదు. ఉన్నదల్లా పోయిన ఏడాది ఇచ్చిన సోలార్ పెట్టె. సూట్‌కేసంత ఉంటుంది. డాబా మీద పలక, పెట్టెలో బ్యాటరీ, రెండు లైట్లు, కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించే ఈ అరచేతి మిషను. పురుడు పోయాలన్నా, సెల్లు చార్జింగ్ పెట్టుకోవాలన్నా లంక మొత్తానికీ ఆ పెట్టే దిక్కు.

హారిక పొద్దున్నే వచ్చి గర్భిణుల వరసలో దయామణి వెనక కూర్చుంది. పడవలో చేరిన వాననీళ్లు తోడేసి మొగుడు వెంకటరమణ, వంట ముగించి అత్త తాతమ్మ ఇప్పుడే వచ్చారు. పెళ్లయిన ఆరేళ్లకి నిలిచిన కడుపు. ఎనిమిదో నెల. పోయిన నెల ఇదే మిషన్‌లో వచ్చిన చప్పుడుని వెంకటరమణ సెల్లులో రికార్డు చేసుకున్నాడు. వేటకెళ్లినప్పుడు పడవలో అందరికీ వినిపించాడు. అడగని వాళ్లకి కూడా వినిపించాడు.

"ఏంటమ్మా నర్సమ్మా, పలకదేం?" అంది తాతమ్మ.

"చార్జింగ్ లేదు పిన్నిగారూ."

"గవర్నమెంటోళ్లిచ్చింది. ఏడాది పనిచేసిందంటే అదే గొప్ప. ఇటియ్యి."

తాతమ్మ మిషన్‌ని లాక్కుని, మొరాయించిన టార్చిలైటుని కొట్టినట్టు అరచేత్తో రెండు దెబ్బలేసింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చీర కొంగుతో తుడిచింది. వస్తువు పాడైతే చాలు, మనలో ఇంజనీరు కానివాడెవడు?

"కొంగలు పలక మీద రెట్టలేసుంటాయండీ," వెంకటరమణ నిచ్చెన వెతుక్కున్నాడు. "నేను తుడిచొస్తానుండండి సిస్టర్ గారూ."

ఇంద్రజ నిచ్చెన ఉన్న మూల చూపించింది. వద్దని ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు.

కాసేపటికి డాబా మీంచి కేక వినపడింది. "అద్దంలా తుడిచేశానండీ! ఇప్పుడు చూడండీ!"

ఇంద్రజ చూసింది. గరగర.

"కాస్త ఎండొచ్చిందండీ! ఇప్పుడో?"

మళ్లీ గరగర. హారిక కళ్లు మూసుకుంది.

"రాలేదు రమణా, దిగొచ్చెయ్," అంది ఇంద్రజ.

తాతమ్మ ఊరుకునే మనిషి కాదు. తలెత్తి చూసింది. "మరి ఆ లైటు వెలుగుతోందిగా?"

"దాని బ్యాటరీ వేరు పిన్నిగారూ."

ఆ మాట అంటూ ఇంద్రజ మొహం పక్కకి తిప్పుకుంది. తాతమ్మకి జాలేసింది. దగ్గరికొచ్చి వీపు నిమిరింది.

"నిన్నేమీ అన్లేదులేమ్మా. మిషన్ చెడిపోతే మధ్యలో నువ్వేం చేస్తావు?"

ఇంద్రజకి ఏడుపు ఆగలేదు. చేతులు కడుక్కునే నెపంతో అటు తిరిగింది. తొమ్మిదేళ్ల సర్వీసులో ఇంత చేతకానిదాన్నని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు.

బయట వరండాలో నిలబడి అంబులెన్సుకి ఫోన్ చేసింది. ఎనిమిదో నెల గర్భిణి అని, వెంటనే స్కానింగ్ కావాలని చెప్పింది. బండి అవతలి రేవుకి వస్తుందన్నారు. అక్కడి దాకా ఎలా వెళ్లాలన్నది మాత్రం వాళ్లు చెప్పలేదు. పాయ నిండుగా పారుతోంది. జనాన్ని ఏరు దాటించే పంటు ఆపేసి రెండ్రోజులైంది.

"నా పడవుండగా పంటెందుకండీ?" అన్నాడు వెంకటరమణ. "ముప్పావుగంటలో అవతల దింపుతాను."

"సుడులు చూశావా రమణా?"

"చూసే చెప్తున్నానండీ. చెయ్యి చుక్కాని మీద, కన్ను నీళ్ల మీద ఉంటే చాలు. అవనిగడ్డ ఆస్పత్రిలో కరెంటు మిషను కదా, చక్కగా వినపడుద్ది. రికార్డు చేసి మీక్కూడా పంపిస్తా."

"నేనూ వస్తున్నాను," అంది ఇంద్రజ. సెంటరుకి తాళం వేసింది.

తాతమ్మ బట్టల సంచీతో వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. ఇలాంటి మిషన్లు ఇచ్చినందుకు పై ఆఫీసరుకి అర్జీ పెట్టాలని రేవు దాటకముందే మొదలుపెట్టింది. హారికని ముందు వైపు కూర్చోబెట్టి, ఇంద్రజ ఆమె భుజం చుట్టూ చెయ్యేసింది.

ఇంజను అందుకుంది. పడవ ఒడ్డు వదిలి ఎర్రనీళ్లలోకి జారింది. మొదటి సుడి దగ్గర ఒక్కసారిగా ఒరిగింది. వెంకటరమణ పళ్ల బిగువున చుక్కాని తిప్పి దాన్ని నిలబెట్టాడు.

హారిక వెనక్కి తిరిగి మొగుణ్ని చూసింది. నవ్వింది. అతనూ నవ్వాడు. తర్వాత ఇంజను మోతలో ఇంకెవరికీ వినపడకుండా ఇంద్రజ చెవి దగ్గరికి వంగింది.

"పొద్దున నా ముందు దయామణికి ఇదే మిషన్‌లో టకటకా వినపడింది కదక్కా, అవతలి ఒడ్డెక్కేదాకా ఆయనకి చెప్పమాకండి, పడవ నడపాలి."