ఏడో కెమెరా ముందు

ఎల్బీనగర్ అవతలి చిట్టడవిలో ఒళ్లంతా పొలుసులుండే అలుగులు ఇంకా ఎన్ని మిగిలాయో తెలుసుకోవడానికి మా ఆయన లింగస్వామి చెట్లకు కెమెరాలు కడతాడు. ముందు ఏదైనా కదిలితే ఫోటో దానంతటదే పడుతుంది. కట్టిన ప్రతిసారీ అది పనిచేస్తుందో లేదో చూడటానికి తనే జంతువులా మోకాళ్ల మీద పాకుతాడు. అందుకే ప్రతి కార్డులో మొదటి ఫోటో ఆయనదే.

వేటగాళ్లు తిరుగుతున్నారని ఈ రాత్రి ఆయన అక్కడి గుడిసెలో ఒక్కడే కాపలా ఉన్నాడు. నేను కర్మన్‌ఘాట్ గదిలో పాపను ఒళ్లో వేసుకుని, ఆయన పగలు తెచ్చిచ్చిన ఏడో కెమెరా కార్డులో ఖాళీ ఫోటోలు తీసేస్తున్నాను. నిన్న రాత్రి రెండింటికి పడిన ఫోటో దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. తల వంచి, ఎడమ మోకాలు పక్కకు పెట్టి పాకే తీరు అచ్చం ఆయనదే. ఒంటి మీద మాత్రం బట్టల్లేవు.

వెంటనే ఫోన్ చేశాను.

"ఏమయ్యా, నిన్న రాత్రి రెండింటికి గా కెమెరా ముందట ఏం చేసినవ్?"

"నిన్న రాత్రి నీ పక్కకే పన్న గద ప్రసన్నా. నా గురకకు నువ్వే తిట్టినవ్. అడవి పంది అయ్యుంటది. నీకు నేను గట్లనే కనిపిస్తున్ననా?"

నేను ఆ ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూశాను.

"పాప ఇంకా పండలేదా? పాకుతున్న చప్పుడు ఇనొస్తుంది," అన్నాడు.

పాప నా ఒళ్లో కదలకుండా నిద్రపోతోంది.

"తలుపుకు గడియ పెట్టుకున్నవా?" అని అడిగాను.

"గీ గుడిసెకు తలుపేడిది?" అని నవ్వాడు ఆయన.