కాళ్లు చాపుకునే చోటు

"ఆగి ఉన్నప్పుడు ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది?" రామమోహనరావు హిందీలో అడిగాడు.

"రాత్రంతా, సర్‌జీ! సాపుతారా కొండల్లో క్యాంపింగుకి దీన్ని మించిన బండి లేదు" అన్నాడు షోరూం సేల్స్‌మన్.

స్పందన పొంగిపోయింది. టెంటు, తాళ్లు, సైకిలు పట్టే ఎలక్ట్రిక్ బండి కొందామని నెల రోజులుగా పోరుతోంది తనే. హజీరా ప్లాంటులో ఉద్యోగం తప్ప ఏనాడూ కొండ ముఖం చూడని నాన్న, మాస్కు వెనకనుంచి ఇన్ని ప్రశ్నలా!

ఆయన వెనకసీటు మడిపించి, జేబులోంచి టేపు తీసి కొలిచాడు.

"టెంటు ఎంతుంటుంది నాన్నా, ఇట్టే పడుతుంది."

"నువ్వోసారి పడుకోమ్మా. తల ఇటు పెట్టు. పక్కన ఆక్సిజన్ సిలిండరు కూడా పట్టాలి."

స్పందన నవ్వు ఆగిపోయింది.

ఏప్రిల్లో ఆస్పత్రి గేటు ముందు, తమ పాత చిన్న కారు వెనకసీట్లో అమ్మ ఆరు గంటలు మోకాళ్లు ముడుచుకునే ఉంది. పెట్రోలు అయిపోయి ఏసీ ఆగింది. బెడ్డు ఖాళీ అయ్యిందని పిలిచేసరికి అమ్మ లేదు.

స్పందన చెప్పులు విప్పి లోపల పడుకుంది. తనది అచ్చం అమ్మ పొడుగే.

"కాళ్లు చాపు తల్లీ" అన్నాడాయన. "పూర్తిగా చాపు."

చాపింది. ఇంకా జానెడు చోటు మిగిలింది.