పిన్ను సరిపోయింది

"ఏవండీ, అది ఆక్సిజన్ మెషీన్ కదండీ?"

చెన్నై విమానాశ్రయంలో సామాన్ల బెల్టు దగ్గర ఎవరో అడిగారు. రాజ్‌మోహన్ తిరిగి చూశాడు. నలభై దాటిన మనిషి. తనతోపాటే దమ్మామ్ నుంచి దిగినవాడు.

"ఆమా, అదే. మా నాయనకి."

"కన్వర్టర్ ఉందాండీ?"

రాజ్‌మోహన్ జేబులోంచి ఒక తెల్లటి డబ్బీ తీశాడు. ఏ దేశపు గోడకైనా సరిపోయే పిన్నులున్నాయి దానికి.

"ఇదో, ఉంది."

"అది అడాప్టరండీ. పిన్ను మారుస్తుందంతే, కరెంటును తగ్గించదు. అక్కడ నూటపది వోల్టులు, మనకిక్కడ దానికి రెండింతలు..."

"సరి, సరి."

రాజ్‌మోహన్ ట్రాలీ తోసుకుంటూ నడిచాడు. సౌదీలో కంపెనీ లెక్కలు రాసే అతనికి కరెంటు సంగతి స్విచ్ వరకే తెలుసు. విదేశం నుంచి దిగినవాళ్ళకు ఏదో ఒకటి అంటగట్టేవాళ్ళ సంగతి మాత్రం బాగా తెలుసు.

ఆ మనిషి టాక్సీ దాకా వెంటబడ్డాడు. "యానాం వాడినండీ, ఒక్క మాట వినండీ..."

రాజ్‌మోహన్ టాక్సీ అద్దం ఎత్తేశాడు.

ఆ మధ్యాహ్నం, చెన్నైకి మూడు గంటల దూరంలోని కోసపాళయం ఇంట్లో మంచం మీద రాజ్‌మోహన్ తండ్రి రంగరాజన్ డొక్కలు ఎగరేస్తున్నాడు. పక్కనున్న సిలిండర్ ముల్లు ఎర్రగీతలోకి దిగింది. మెషీన్ వచ్చేసిందన్న ధీమాతో కొత్త సిలిండర్ వద్దని దుకాణానికి చెప్పింది రాజ్‌మోహనే. ఇప్పుడు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తుంటే ఎవరూ ఎత్తడం లేదు. లైన్ల మరమ్మతుకని పొద్దున తీసిన కరెంటు ఇంకా రాలేదు.

"ఇంకాసేపే నాయనా. కరెంటు వచ్చేస్తాది."

ముసలాయన నోరు తెరిచి గాలి కోసం పెనుగులాడాడు.

తలుపు చప్పుడైంది. రాజ్‌మోహన్ భార్య లోకేశ్వరి వెళ్ళి తీసింది. గుమ్మంలో ఎవరో కొత్త మనిషి. భుజాన బరువైన ఇనప పెట్టె. చొక్కా చెమటతో తడిసి ఉంది.

"రాజ్‌మోహన్ గారిల్లేనాండీ? అట్టపెట్టె మీద పేరూ వీధీ చూసి గుర్తుపెట్టుకున్నాను. కన్వర్టరండీ. చాలా అవసరం."

సౌదీ నుంచి మనిషి వచ్చాడని తెలిసి, తమవాళ్ళు పంపిన పార్సెళ్ళ కోసం అతను ఇల్లు చేరినప్పటి నుంచి జనం గడప తొక్కుతూనే ఉన్నారు. ఇతనూ అందుకే వచ్చాడనుకుంది లోకేశ్వరి. ఆమె చెవులు లోపల ముసలాయన ఎగశ్వాస మీదే ఉన్నాయి.

"అవసరం లేదన్నా," అంది.

అతను తెల్లబోయాడు. "అంటే... మీ దగ్గర ఉందాండీ?"

"అంతా లోపలనే ఉంది. యాడికీ పోదు."

"నిజంగా ఉంది కదమ్మా?"

"ఉందంటిని కదా!"

అతని ముఖంలో బిగువు సడలింది. ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచాడు. "దేవుడి దయ," అన్నాడు.

అప్పుడే లోపల ఫ్యాను తిరిగింది.

"కరెంటు వచ్చె!" రాజ్‌మోహన్ కేక వేశాడు. లోకేశ్వరి లోపలికి పరిగెత్తింది.

రాజ్‌మోహన్ ఖాళీ అయిపోయిన సిలిండర్ గొట్టం తీసి మెషీన్ గొట్టం తండ్రి ముక్కుకు పెట్టాడు. అడాప్టర్‌ను గోడకు గుచ్చాడు. పిన్ను సరిగ్గా సరిపోయింది. స్విచ్ వేశాడు.

మెషీన్ గుర్రుమంది. ముసలాయన కొడుకు వైపు చూశాడు.

అంతలోనే లోపలేదో పేలింది. వెనక జాలీలోంచి నల్లటి పొగ. కాలిన రబ్బరు వాసన.

"అయ్యో, ఏందిది?" లోకేశ్వరి కేక పెట్టింది.

"ఇందాక వచ్చింది ఎవురు?"

"ఎవురో పార్సెల్‌కి వచ్చినాడు. కన్వర్టరని ఏందో..."

రాజ్‌మోహన్ వీధిలోకి దూకాడు. మలుపులో, విమానాశ్రయంలో వెంటబడ్డ ఆ మనిషే ఆటో ఎక్కబోతున్నాడు. రాజ్‌మోహన్ ముఖం చూడగానే అతనికి అర్థమైపోయింది. పెట్టెను రోడ్డు మీదే వదిలేసి పరుగున వచ్చాడు. ముసలాయన్ని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆటోలో తన ఒళ్ళోనే కూర్చోబెట్టుకుని, "ఊపిరి తీయండి బాబాయిగారూ, తీయండి," అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

లోకేశ్వరి ఏడుస్తూ ఆ మనిషి మీద విరుచుకుపడింది. "అంత దూరం వచ్చినోడివి నిలబడకుండా ఎందుకు పోతివి?"

"మీరే అవసరం లేదన్నారు కదమ్మా."

"ఆమా, అవసరం లేదంటిని! మెల్లగా తీసుకోవచ్చు, ఉండమనే కదా దానికి అర్థం!"

అతనికి మొదట అర్థం కాలేదు. తరతరాలుగా తమిళంతో కలిసి బతికిన ఆ ఇళ్ళలో అవసరమంటే తొందర. యానాంలో అవసరమంటే కావలసినది. ఇద్దరూ మాట్లాడుకున్నది తెలుగే.

తెలిశాక కూడా అతను వాదించలేదు. తల దించుకున్నాడు.

"ఆయన్ని అనొద్దు, నీ తప్పూ లేదు," అన్నాడు రాజ్‌మోహన్, గోడకు చేరగిలబడి. "పొద్దున చెప్తుంటే అద్దం ఎత్తేస్తిని. మా నాయన్ని నేనే చంపుకుంటిని."

ఆ మనిషి వచ్చి నేల మీద అతని పక్కనే కూర్చున్నాడు. వీపు మీద చెయ్యి వేశాడు.

రాజ్‌మోహన్‌కు దుఃఖంలోనూ ఆశ్చర్యం కలిగింది. "యానాం పోవాల్సినోళ్ళు. నేను మర్యాద లేకుండా పోతే కూడా పెట్టె కొనుక్కుని ఇంత దూరం ఎందుకొస్తిరి? మీరెవురు?"

అతను వీపు మీది చెయ్యి తీసి, ఆ అరచేతిని చూసుకున్నాడు.

"పోయినేడు మా అమ్మ కోసం నేనూ దమ్మామ్ నుంచి ఇలాంటి మెషీనే తెచ్చానండీ," అన్నాడు. "పిన్ను మాత్రమే మార్చి, ఈ చేత్తోనే స్విచ్ వేశాను."